డీవీఆర్ పోయిందన్నారా? ముందు హార్డ్‌డిస్క్ బయటికి తీయండి

ప్రశ్న: మా అమ్మానాన్నలు బాపట్లలో ఉంటారు. నాన్నగారికి 71 ఏళ్లు, అమ్మకు 66. ఉద్యోగం కోసం నేను పుణెలో ఉంటున్నాను. 2019లో ఇంటికి నాలుగు సీసీ కెమెరాలు, వాటి దృశ్యాలను రికార్డు చేసే డీవీఆర్ పెట్టె ఒకటి పెట్టించాం. పొద్దున ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి ఫోన్‌లో చూసుకుంటే గానీ నా మనసు కుదుటపడదు. పది రోజుల కిందట రాత్రి ఉరుములు మెరుపులతో పెద్ద వాన పడింది. మర్నాటి నుంచి యాప్‌లో ఆఫ్‌లైన్ అని చూపిస్తోంది. నాన్నగారు టీవీకి కలిపి చూస్తే కంపెనీ బొమ్మ వస్తుంది, కాసేపటికి పోతుంది, మళ్లీ వస్తుంది. పెట్టెలోంచి టిక్ టిక్ అని చప్పుడు. రాత్రిపూట కెమెరాల్లో ఎర్ర లైట్లు మాత్రం వెలుగుతున్నాయట. చూడటానికి వచ్చినతను బోర్డు కొట్టేసిందని, ఇవన్నీ పాత మోడళ్లని, కెమెరాలతో సహా మార్చాలని 32 వేలు చెప్పాడు. అసలు టెన్షన్ ఇంకోటి. వాన పడటానికి రెండు రోజుల ముందు, గేటు బయట నిలిపి ఉంచిన నాన్నగారి స్కూటర్‌ను ఎవరో కారుతో గుద్ది ఆగకుండా వెళ్లిపోయారు. స్టేషన్‌లో ఫిర్యాదు ఇస్తే రికార్డింగ్ తెమ్మన్నారు. అది ఈ పెట్టెలోనే ఉంది. ఏం చేయమంటారు?
(పేరు రాయవద్దన్న పాఠకురాలు, పుణె)

జవాబు: అమ్మా, ఇది పూర్తిగా చదవకముందే నాన్నగారికి ఫోన్ చేసి డీవీఆర్ ప్లగ్ పీకేయమనండి. స్విచ్ ఆపడం కాదు, ప్లగ్ బయటికి తీసేయాలి. బొమ్మ వచ్చి పోతున్న ప్రతిసారీ లోపలి హార్డ్‌డిస్క్ తిరగడం మొదలుపెట్టి ఆగిపోతోంది. ఆ టిక్ టిక్ దానిదే. మీకు కావలసిన దృశ్యం ఉన్నది ఆ డిస్క్‌లో. పెట్టెను ఎప్పుడైనా బాగు చేసుకోవచ్చు, కొత్తది కొనుక్కోవచ్చు. డిస్క్ పాడైతే ఆ రోజు రికార్డింగ్‌ను మళ్లీ ఎక్కడా కొనలేం.

రెండో పని కూడా ఇవాళే చేయాలి. ఎదురింట్లో, వీధి మలుపులోని దుకాణంలో, దగ్గర్లో ఏదైనా బడి, గుడి, అపార్ట్‌మెంట్ ఉంటే అక్కడ కెమెరాలు ఉన్నాయేమో నాన్నగారిని అడగమనండి. కారు మీ గేటు దాటాక వాళ్ల ముందు నుంచే వెళ్లి ఉంటుంది. నంబరు వాళ్ల కెమెరాలో ఇంకా స్పష్టంగా పడి ఉండొచ్చు. తొందరపెట్టడానికి కారణం ఉంది. ఇళ్లలో పెట్టుకునే డీవీఆర్‌లు డిస్క్ నిండగానే అన్నిటికంటే పాత రికార్డింగ్‌ను చెరిపి దాని మీదే కొత్తది రాస్తాయి. మామూలు 2 మెగాపిక్సెల్ కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు దాదాపు 21.6 జీబీ అవుతుంది. నాలుగు కెమెరాలకు 86 జీబీ పైనే. 1 టీబీ డిస్క్ పదకొండు రోజుల్లో నిండిపోతుంది. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా పెట్టుకున్నవాళ్లకు ఎక్కువ రోజులు నిలుస్తుంది. మీ స్కూటర్‌ను గుద్ది ఇప్పటికి పన్నెండు రోజులు. కొన్ని ఇళ్లలో అది ఇప్పటికే చెరిగిపోయి ఉంటుంది, కొన్నిచోట్ల ఇవాళో రేపో చెరిగిపోతుంది.

ఇదే లెక్క మీ పెట్టెకూ వర్తిస్తుంది. మీ డీవీఆర్ వాన మర్నాడు ఆగిపోకుండా మామూలుగా పనిచేస్తూ ఉండి ఉంటే, ఈ పాటికి ఆ దృశ్యం మీద కొత్త రికార్డింగ్ పడిపోయి ఉండేదేమో. ఆగిపోవడం వల్లే అది మిగిలి ఉండొచ్చు. కాబట్టి దాన్ని మళ్లీ నడిపించేటప్పుడు జాగ్రత్త కావాలి. ఆ జాగ్రత్తేమిటో చెబుతాను.

ముందు ఆ బోర్డు సంగతి. మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాటలు రెండు. ఒకటి, టీవీలో కంపెనీ బొమ్మ వస్తోందన్నారు. ఆ బొమ్మ రావాలంటే బోర్డు మీది ప్రాసెసర్, మెమరీ, టీవీకి బొమ్మ పంపే భాగం అన్నీ ఎంతో కొంత పనిచేస్తూ ఉండాలి. పిడుగు దెబ్బకు పూర్తిగా కాలిపోయిన బోర్డు బొమ్మ చూపించదు. రెండోది, రాత్రి కెమెరాల్లో ఎర్ర లైట్లు వెలుగుతున్నాయన్నారు. అంటే కెమెరాలకు కరెంటు అందుతోంది, చీకటి పడిందని అవి గుర్తిస్తున్నాయి. కెమెరాలకు కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ బాగుందన్నమాట. దృశ్యం కూడా సరిగా వస్తోందని దీన్నిబట్టే చెప్పలేం గానీ, నాలుగు కెమెరాలూ ఒకేసారి చెడిపోయాయంటే మాత్రం నేను నమ్మను.

బొమ్మ రావడం, పోవడం, మళ్లీ రావడం. ఈ లక్షణం చూడగానే నేను మొదట అనుమానించేది అడాప్టర్‌ను. గోడకు పెట్టే నల్లటి చిన్న పెట్టె అది, 12 వోల్టులు ఇస్తుంది. హార్డ్‌డిస్క్ ఆగి ఉన్న స్థితి నుంచి తిరగడం మొదలుపెట్టే మొదటి కొన్ని సెకన్లలో చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఒక్క డిస్కే ఒకటిన్నర నుంచి 2 ఆంపియర్ల దాకా అడగవచ్చు. తిరగడం మొదలయ్యాక దానికి అంత అవసరం లేదు. ఏళ్ల తరబడి రాత్రీ పగలూ వేడెక్కుతూ ఉన్న అడాప్టర్‌లో కెపాసిటర్లు ఎండిపోతాయి. అప్పుడది మామూలు భారాన్ని మోస్తుంది గానీ, డిస్క్ లేచే క్షణంలో చతికిలపడుతుంది. వోల్టేజి పడిపోగానే డీవీఆర్ ఆగిపోతుంది. ఆగగానే భారం తగ్గుతుంది, వోల్టేజి లేస్తుంది, పెట్టె మళ్లీ మొదలవుతుంది, డిస్క్ మళ్లీ కరెంటు అడుగుతుంది. ఇలా గంటల తరబడి నడుస్తుంది.

మీ ఇంటికి వచ్చినతను మోసం చేశాడని నేను అనను. అడాప్టర్ పిన్నుకు మల్టీమీటర్ పెట్టి ఉంటాడు, 12 చూపించి ఉంటుంది, ఇది బాగుంది కాబట్టి బోర్డే పోయిందని తేల్చి ఉంటాడు. భారం లేనప్పుడు ఎండిపోయిన అడాప్టర్ కూడా 12 చూపిస్తుంది. ఈ పొరపాటు చాలామంది చేస్తారు.

ఇక నాన్నగారు చేయవలసింది. పగటిపూట, కళ్లజోడు పెట్టుకుని, మీరు వీడియో కాల్‌లో ఉండగా చేయమనండి. తొందరేం లేదు. డీవీఆర్ లోపల ఉండేది 12 వోల్టులే, ప్లగ్ తీశాక దాన్ని విప్పడం ప్రమాదం కాదు. కానీ కెమెరాలకు కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోవద్దని గట్టిగా చెప్పండి. అందులోకి నేరుగా 230 వోల్టులు వస్తాయి. చాలా ఇళ్లలో వాటి మరలు బయటికే కనిపిస్తుంటాయి కూడా.

మొదట డీవీఆర్ వెనక వైర్లు ఏది ఎక్కడుందో రెండు మూడు ఫొటోలు తీయమనండి. తర్వాత అన్నీ ఊడదీయాలి. కెమెరా వైర్లు తీసేటప్పుడు బీఎన్‌సీ కనెక్టర్‌ను కొంచెం లోపలికి నొక్కి ఎడమకు తిప్పితే వస్తుంది. ల్యాన్ కేబుల్, మౌస్, టీవీ కేబుల్ కూడా తీసేయాలి. ఒక్కో కెమెరా వైరుకు చిన్న కాగితం ముక్క అంటించి గేటు, వరండా, పెరడు, మేడ మెట్లు అని రాసుకుంటే తర్వాత వెతుక్కోవాల్సిన పని ఉండదు.

పైమూత మరలు విప్పితే లోపల సబ్బుపెట్టె కంటే కాస్త పెద్దగా, బరువుగా హార్డ్‌డిస్క్ కనిపిస్తుంది. దానికి రెండు వైర్లు ఉంటాయి, ఒకటి కరెంటుది, ఒకటి డేటాది. వాటిని సూటిగా బయటికి లాగాలి, వంచకూడదు. డిస్క్‌ను పట్టుకుని ఉండే మరలు నాలుగు, పెట్టె అడుగుభాగంలో ఉంటాయి. అన్నిటికంటే ముందు ఇనుప కిటికీ ఊచనో, కుళాయినో ఒకసారి తాకమనండి. ఒంట్లో పేరుకున్న స్థిరవిద్యుత్తు దిగిపోతుంది. తీసిన డిస్క్‌ను అంచులతో పట్టుకుని మెత్తటి బట్ట మీద పెట్టాలి. పచ్చగా కనిపించే సర్క్యూట్ వైపు చేత్తో ముట్టకూడదు. పొరపాటున కూడా కింద పడకూడదు. మూత తీసిన సమయంలోనే కాలిన వాసన ఏమైనా వస్తోందేమో, వెనక సాకెట్ల దగ్గర నల్లటి మచ్చలున్నాయేమో చూడమనండి. పిడుగు ప్రభావం చాలాసార్లు ల్యాన్ సాకెట్ దగ్గరో, ఒకటి రెండు కెమెరా సాకెట్ల దగ్గరో కనబడుతుంది.

ఇప్పుడు డిస్క్ లేకుండా, కెమెరాలు లేకుండా, ఒక్క టీవీ కేబుల్ పెట్టి డీవీఆర్‌కు కరెంటు ఇవ్వండి. కంపెనీ బొమ్మ దాటి మెనూ వచ్చి, పది నిమిషాలు నిలబడితే బోర్డు బతికే ఉంది. డిస్క్ కనిపించడం లేదని బీప్ బీప్ అని అరుస్తుంది, భయపడనక్కర్లేదు. అలా నిలబడిందంటే తప్పు అడాప్టర్‌దైనా అయ్యుండాలి, డిస్క్‌దైనా అయ్యుండాలి.

డిస్క్ తీసినా అదే తంతు జరిగితే అడాప్టర్ మార్చి చూడాలి. కొత్తది కొనకముందు ఇంట్లో సెటాప్ బాక్స్ అడాప్టర్ ఉంటే అది అరువు తెచ్చుకోండి. దాని మీద 12 వోల్టులు అని, 1.5 గానీ 2 గానీ ఆంపియర్లని రాసి ఉండాలి. మధ్యలో చుక్క, చుట్టూ తెరిచిన వలయంలా ఉండే గుర్తులో చుక్కకు ప్లస్ కలిసి ఉండాలి. డీవీఆర్ అడాప్టర్ మీదా అదే గుర్తు ఉందో లేదో పోల్చి చూడమనండి. రౌటర్ అడాప్టర్లు కొన్ని 9 వోల్టులవి, 12 ఉన్నా అర ఆంపియరో ఒకటో ఉంటుంది, వాటితో పరీక్ష తేలదు. లాప్‌టాప్ ఛార్జర్ అసలు పెట్టకూడదు, అది సాధారణంగా 19 వోల్టులు. బతికున్న బోర్డును అది నిజంగానే చంపేస్తుంది. ఈ అరువు అడాప్టర్‌తో పెట్టె నిలబడితే మీ 32 వేల సమస్య కొన్ని వందల్లో తీరిపోయినట్టే. కొత్తది కొనేటప్పుడు పాత దానికంటే తక్కువ ఆంపియర్లది కొనకండి. ఎక్కువది తీసుకుంటే నష్టమేమీ లేదు, పెట్టె తనకు కావలసినంతే తీసుకుంటుంది. వోల్టులు మాత్రం 12 దాటకూడదు.

అరువు అడాప్టర్‌తోనూ నిలబడకపోతే అప్పుడు బోర్డు మాట ఒప్పుకుందాం. బోర్డులో సాఫ్ట్‌వేర్ చెడినా ఇలాగే తిరిగి తిరిగి మొదలవుతుంది, అలాంటిది సర్వీస్ సెంటర్‌లో బాగుపడే అవకాశం ఉంది. ఆరేళ్లు దాటిన పెట్టె కాబట్టి రిపేరుకు పెద్ద మొత్తం అడిగితే వద్దనే నేను చెబుతాను.

పెట్టె నిలబడిందనుకుందాం. ఇక్కడే చాలామంది సంతోషంలో తప్పు చేస్తారు. డిస్క్ పెట్టేస్తారు, నాలుగు కెమెరాలూ తగిలించేస్తారు, అన్నీ బాగున్నాయని ఊపిరి పీల్చుకుంటారు. ఆ క్షణం నుంచే కొత్త రికార్డింగ్ పాతదాని మీద పడటం మొదలవుతుంది, మీకు కావలసిన రోజు వంతు కూడా కొన్నాళ్లకు వస్తుంది. అందుకని కెమెరా వైర్లు ఒక్కటీ పెట్టకుండా, మంచి అడాప్టర్‌తో, డిస్క్ ఒక్కటే పెట్టి పెట్టెను మొదలుపెట్టాలి. కెమెరా లేకపోతే రాయడానికి కొత్త దృశ్యం ఉండదు. డిస్క్ మళ్లీ టిక్ టిక్ అంటే వెంటనే ఆపేయండి, అక్కడితో ఇంట్లో చేయగలిగింది అయిపోయింది. చప్పుడు లేకుండా మెత్తగా తిరిగితే ప్లేబ్యాక్‌లోకి వెళ్లి, ఆ తేదీ, గేటు కెమెరా, గుద్దిన సమయానికి అరగంట ముందు నుంచి అరగంట తర్వాత దాకా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. పెన్‌డ్రైవ్ ఖాళీగా, ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే ఏ పెట్టె అయినా పేచీ పెట్టకుండా గుర్తిస్తుంది. ఎంపీ4గా తీసుకునే వీలుంటే అదొకటి, డీవీఆర్ సొంత ఫార్మాట్‌లో ప్లేయర్‌తో సహా ఇంకొకటి తీసుకోండి. మిగతా మూడు కెమెరాలవి కూడా అదే సమయానివి తీసుకోండి. కారు ఎటు నుంచి వచ్చిందో వరండా కెమెరాలో కనబడవచ్చు.

ఒకవేళ బోర్డు నిజంగానే పోయి కొత్త డీవీఆర్ తేవాల్సి వస్తే, పాత డిస్క్‌ను అందులో పెట్టనివ్వకండి. ఈ మాట మాత్రం మర్చిపోవద్దు. చాలా ఏళ్ల కిందట ఒక మందుల దుకాణంలో డీవీఆర్ చెడిపోతే కొత్తది తీసుకెళ్లి, వాళ్ల పాత డిస్క్‌ను నేనే అందులో బిగించాను. తెర మీద ఒక చిన్న ప్రశ్న వచ్చింది, ఈ డిస్క్‌ను ఫార్మాట్ చేయాలి, చేయమంటారా అని. సరే అని నొక్కి, కెమెరాలు కలిపి, పని ముగించుకుని వచ్చేశాను. అంతకు మూడు రోజుల ముందు ఆ దుకాణంలో గల్లాపెట్టె పగలగొట్టారని, దొంగ ముఖం అందులో పడిందని నాకు సాయంత్రం తెలిసింది. ఫార్మాట్ అయినా వెంటనే ఆపేసి ఉంటే కొంతైనా తిరిగి వచ్చేదేమో. అప్పటికే ఆరు గంటల కొత్త రికార్డింగ్ దాని మీద పడిపోయింది. ఆ యజమాని నన్నేమీ అనలేదు. ఆ రోజు నుంచి ఎవరింటికి వెళ్లినా నేను మొదట అడిగేది, ఇందులో మీకు కావలసిన రికార్డింగ్ ఏదైనా ఉందా అని.

డీవీఆర్‌లు డిస్క్ మీద తమ సొంత పద్ధతిలో రాసుకుంటాయి. అందుకే వేరే కంపెనీ పెట్టె దాన్ని చదవలేక ఫార్మాట్ చేయమంటుంది. కంప్యూటర్‌కు తగిలిస్తే విండోస్ కూడా అదే అడుగుతుంది. రెండుచోట్లా వద్దు అనే నొక్కాలి. అదే కంపెనీ, అదే తరహా పెట్టె అయితే పాత రికార్డింగ్ చదివే అవకాశం బాగానే ఉంది, కానీ అసలు డిస్క్‌తో ఆ ప్రయోగం చేయకూడదు. గుంటూరులోనో, విజయవాడలోనో డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గర ముందు దానికి అచ్చుగుద్దినట్టు ఇంకో డిస్క్ మీద నకలు తీయించి, ప్రయోగాలన్నీ నకలు మీద చేయించండి. ఖర్చు ముందే మాట్లాడుకోండి, రికార్డింగ్ దొరక్కపోతే ఎంత తీసుకుంటారో కూడా.

పోలీసుల విషయం. 2024 జూలై 1 నుంచి సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చింది. వీడియోలాంటి ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే అందులోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. దానికి రెండు భాగాలు. మొదటిది రికార్డు ఇచ్చేవాళ్లు, రెండోది నిపుణుడు నింపాలి. ఫైలు మారలేదని చూపించే హాష్ విలువ కూడా రాయాలి. పాత రోజుల్లో 65బి సర్టిఫికెట్ అనేవారే, దాని స్థానంలో వచ్చింది ఇది. ఆ పత్రం నమూనా స్టేషన్‌లోనే అడగండి. మీ వంతుగా రెండు పనులు చేసి పెట్టుకోండి. పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్న ఫైళ్లను కత్తిరించకుండా, వాట్సాప్‌లో పంపి నాణ్యత తగ్గించకుండా అలాగే ఉంచండి. డీవీఆర్ గడియారం అసలు టైముకు ఎంత ముందుందో, ఎంత వెనకుందో ఫోన్ పక్కన పెట్టి ఫొటో తీయండి. డిస్కే కావాలని పోలీసులు అడిగితే సీరియల్ నంబరు రాయించుకుని రసీదు తీసుకుని ఇవ్వండి.

గడియారం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మూత తెరిచినప్పుడు బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ కనబడుతుంది, ఎక్కువగా సీఆర్2032 అని ఉంటుంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ 2000 సంవత్సరానికో, 1970కో వెళ్లిపోతుంటే ఆ బ్యాటరీ అయిపోయినట్టు. వాచీల దుకాణంలో దొరుకుతుంది. ఇంకా పనిచేస్తున్నా, ఇన్నేళ్లయింది కాబట్టి ఎలాగూ మార్చేయండి. కాకపోతే అసలు టైముకు ఎంత తేడా ఉందో ఫొటో తీశాకే మార్చండి.

కొత్త పెట్టె తప్పదంటే కొనాల్సింది పెట్టె ఒక్కటే. నాలుగు ఛానళ్ల డీవీఆర్ సాధారణంగా అయిదు వేల లోపే దొరుకుతుంది, డిస్క్‌కు వేరే. మీ గోడల్లోంచి వెళ్లిన కెమెరా వైరుకు (త్రీ ప్లస్ వన్ అంటారు) ఏమీ కాలేదు, కెమెరాలు వెలుగుతున్నాయి. చూసుకోవాల్సిందల్లా ఆ కెమెరాలు పంపే సిగ్నల్‌ను కొత్త పెట్టె అర్థం చేసుకోగలగడం. 2019 నాటి కెమెరాలు టీవీఐ, సీవీఐ, ఏహెచ్‌డీ అనే మూడు రకాల్లో ఏదో ఒకటి అయ్యుంటాయి. పాత డీవీఆర్ అడుగున ఉన్న లేబుల్ ఫొటో దుకాణంలో చూపిస్తే చెబుతారు. ఇప్పుడు వచ్చే పెట్టెల్లో ఈ మూడింటినీ, పాతకాలపు అనలాగ్‌నూ, కొన్ని ఐపీ కెమెరాలనూ కూడా తీసుకునేవి ఉన్నాయి, అలాంటిదే అడగండి. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లదో పెట్టె అంతకు తక్కువ కాకుండా తీసుకోవాలి. వీడియోను ఎక్కువగా కుదించే హెచ్.265 పద్ధతి ఉన్నదైతే అదే డిస్క్‌లో ఎక్కువ రోజులు పడతాయి. డబ్బు చేతికిచ్చే ముందు ఇంట్లో నాలుగు వైర్లూ తగిలించి నాలుగు బొమ్మలూ రంగుల్లో చూపించమనండి. ఒకటో రెండో రాకపోతే అప్పుడు ఆ కెమెరా గురించే మాట్లాడుకోవచ్చు. కెమెరా కూడా కొనాల్సి వస్తే, 2025 ఏప్రిల్ 9 నుంచి మన దేశంలో సీసీ కెమెరాలకు కేంద్రం కొత్త భద్రతా నిబంధనలు తప్పనిసరి చేసింది, వాటి ప్రకారం పరీక్ష పాసైన మోడలేనా అని అడగండి. పాత సరుకు చవగ్గా అంటగట్టేవాళ్లు ఉంటారు.

డిస్క్ మాత్రం నిఘా కెమెరాల కోసమే చేసినది కొనండి. వెస్టర్న్ డిజిటల్ పర్పుల్, సీగేట్ స్కైహాక్, తోషిబా ఎస్300 అలాంటివి. కంప్యూటర్‌లో వాడే మామూలు డిస్క్ రాత్రింబవళ్లు ఆగకుండా రాయడానికి తయారైంది కాదు. ఈ డిస్క్‌లకు డీవీఆర్‌తో సంబంధం లేకుండా సొంత వారంటీ ఉంటుంది, సాధారణంగా మూడేళ్లు. బిల్లులో సీరియల్ నంబరు రాయించుకోండి.

యాప్‌లో రిజిస్ట్రేషన్ మీ ఫోన్‌లో, మీ ఈమెయిల్‌తో చేయించండి. బిగించే అబ్బాయి తన అకౌంట్‌లో పెట్టి మీకు షేర్ చేస్తే రేపు అతను ఊరు మారినా, నంబరు మార్చినా మీరు ఆ పెట్టెను మీ అకౌంట్‌లోకి తెచ్చుకోవడం కష్టమవుతుంది, పైగా మీ ఇంటి లోపలి దృశ్యం వేరొకరి ఫోన్‌లో ఉంటుంది. పాస్‌వర్డ్ విషయంలో బద్ధకం వద్దమ్మా. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన కెమెరాలు, డీవీఆర్‌లలోకి లక్షల సంఖ్యలో దూరి, అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లనే ఆపేసింది. మీ నాన్నగారి పుట్టిన సంవత్సరమో, ఫోన్ నంబరో పెట్టకండి. ఒక పొడవాటి తెలుగు వాక్యాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి నడుమ అంకెలు కలిపితే మీకు గుర్తుంటుంది, ఇతరులకు దొరకదు. దాన్ని కాగితం మీద రాసి బీరువాలో పెట్టమని అమ్మకు చెప్పండి.

ఇక పిడుగుల సంగతి. సముద్రం దగ్గర ఊరు, మేడ మీద నుంచి గేటు దాకా ఆరుబయట పొడుగ్గా సాగిన కెమెరా వైర్లు. దూరంగా పిడుగు పడినా ఆ వైర్లలోకి ఒక్కసారిగా వోల్టేజి ఎక్కుతుంది. అడాప్టర్‌కు రెండే పిన్నులుంటాయి కాబట్టి పెట్టెకు దానంతట ఎర్త్ ఉండదు. చాలా డీవీఆర్‌ల వెనక ఒక చిన్న మర, పక్కన ఎర్త్ గుర్తు ఉంటాయి. దాన్నుంచి ఇంటి ఎర్తింగ్‌కు ఒక వైరు వేయించండి, ఎర్తింగ్ నిజంగా పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. గేటు కెమెరా వైరుకు సర్జ్ ప్రొటెక్టర్ పెట్టించండి. మరీ దగ్గరగా ఉరుముతుంటే మాత్రం దేన్నీ ముట్టుకోవద్దని నాన్నగారికి చెప్పండి. మబ్బు కమ్ముతున్నప్పుడే, ఉరుములు ఇంకా దూరంగా ఉండగానే ప్లగ్‌లు తీసేయాలి. ఉప్పుగాలికి మేడ మీది కనెక్టర్లు చిలుము పట్టి ఉంటాయి, మనిషి ఎలాగూ వస్తాడు కాబట్టి వాటిని మార్పించి, నీళ్లు దూరని డబ్బాల్లో పెట్టించండి. పెట్టెను బీరువా పైన దుప్పట్ల మధ్య గానీ, తలుపు మూసిన అరలో గానీ ఉంచకండి. అడాప్టర్ ఎండిపోయేది ఆ వేడికే.

ఇదంతా తేలడానికి వారం పదిరోజులు పట్టవచ్చు. అన్నాళ్లూ మీకు నిద్ర పట్టదని తెలుసు. దూరంగా ఉన్న పిల్లలకు ఆ చిన్న తెర ఎంత ధైర్యమో నేను రోజూ చూస్తుంటాను. అప్పటిదాకా మెమరీ కార్డు పెట్టుకునే వైఫై కెమెరా ఒకటి తెప్పించి, గేటు కనిపించేలా కిటికీ దగ్గర పెట్టించండి. రెండువైపులా మాటలు వినిపించే రకమైతే అమ్మతో అందులోనే మాట్లాడొచ్చు. తర్వాత దాన్ని వంటింటి వైపు మార్చుకోవచ్చు.

డిస్క్ తీసి పరీక్ష చేశాక, డీవీఆర్ అడుగు లేబుల్, పాత అడాప్టర్ మీది అక్షరాలు, హార్డ్‌డిస్క్ లేబుల్, ఈ మూడింటి ఫొటోలు నాకు పంపండి. పెట్టె ఎన్ని నిమిషాలు నిలబడిందో కూడా రాయండి. వాటిని చూసి ఏ అడాప్టర్ కొనాలో, కొత్త పెట్టె అవసరమో కాదో కచ్చితంగా చెబుతాను. అప్పటిదాకా ఆ 32 వేలకు అడ్వాన్సు ఇవ్వకండి.